అదనపు యాక్షన్ ఎప్పుడు? డీ అండ్ డీ పోరాటంలో టైమింగ్ తేల్చుకునే పద్ధతి

ఆట మధ్యలో ఎవరో ఒకరు "ఆగండాగండి, నాకు రియాక్షన్ ఉంది" అంటారు. అప్పటికే ఆట నడిపే డీఎం డ్యామేజ్ చెప్పేశాడు, పక్కవాడు తన బొమ్మను జరిపేశాడు. ఇప్పుడు వెనక్కి వెళ్లాలా, వద్దా అన్నదాని మీదే పావుగంట పోతుంది.

అష్టాచెమ్మాలో నాలుగో ఎనిమిదో పడితే ఇంకో పందెం వస్తుంది కదా. ఆ పందెం వేశాక కాయ జరపాలా, జరిపాక పందెం వేయాలా అని మా ఇంట్లో తగువు పడని వేసవి లేదు. పాచికలతో పాత్రలు ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లోనూ అదే తగువు. కాకపోతే ఇక్కడ రూల్ రాసిపెట్టి ఉంది, దాన్ని చివరిదాకా చదివేవాళ్లే తక్కువ. నేను చూసినంతలో గొడవలన్నీ "ఏం చేయొచ్చు" అన్నదాని మీద కాదు, "సరిగ్గా ఏ క్షణంలో చేయొచ్చు" అన్నదాని మీదే.

పాచికలు వేయడం, హిట్ అయిందో లేదో చూడడం తెలిసినవాళ్ల కోసం ఇది. ఐదో ఎడిషన్ గురించే చెబుతున్నాను.

1. కూర్చునే ముందు తేల్చుకోవాల్సినవి

మొదటి ప్రశ్న: మీరు ఆడుతున్నది 2014 రూల్సా, 2024 రూల్సా? పేరు ఒకటే అయినా టైమింగ్ దగ్గర రెండూ చాలాచోట్ల విడిపోతాయి. ఒకరి దగ్గర పాత పుస్తకం, ఇంకొకరి ఫోన్‌లో కొత్త యాప్ ఉంటే ఇద్దరూ నిజమే చెబుతూ కొట్టుకుంటారు.

ముఖ్యంగా తేడా వచ్చేవి ఇవి:

- ఒకే టర్న్‌లో రెండు మంత్రాలు వేయడం
- ఫైటర్ తన అదనపు యాక్షన్ శక్తి యాక్షన్ సర్జ్‌తో మంత్రం వేయడం: 2014లో కుదురుతుంది, 2024లో కుదరదు
- పోషన్ తాగడం: 2014లో యాక్షన్, 2024లో బోనస్ యాక్షన్
- ఎదుటివాడి మంత్రాన్ని ఆపే కౌంటర్‌స్పెల్ ఎలా తేలుతుంది
- సర్‌ప్రైజ్: 2014లో మొదటి టర్న్ పోతుంది, 2024లో ఇనిషియేటివ్‌కు డిస్అడ్వాంటేజ్ మాత్రమే, అంటే టర్న్‌ల వరుస తేల్చే పాచిక రెండుసార్లు వేసి తక్కువది తీసుకోవాలి

ఆటకు ముందు ప్రతి ప్లేయర్ చేసుకోవాల్సిన పని ఒకటుంది, పది నిమిషాలు చాలు. క్యారెక్టర్ షీట్ వెనక మూడు గడులు గీసి యాక్షన్, బోనస్, రియాక్షన్ అని రాసుకోండి. మీ దగ్గరున్న ప్రతి శక్తినీ ఏదో ఒక గడిలో వేయండి. వేసేటప్పుడు పేరు ఒక్కటే రాస్తే ఉపయోగం లేదు, అది ఎప్పుడు పనిచేస్తుందో చెప్పే ముక్క కూడా ఎత్తి రాయాలి: "హిట్ అయినప్పుడు", "అటాక్ యాక్షన్ తీసుకున్నప్పుడు", "నీ టర్న్‌లో". ఆటలో మిమ్మల్ని గట్టెక్కించేది ఆ ముక్కే.

2. నాలుగు జేబులు

ప్రతి క్యారెక్టర్‌కూ నాలుగు జేబులున్నాయనుకోండి.

యాక్షన్: టర్న్‌కు ఒకటి. కొట్టడం, మంత్రం, ఇంకా దూరం పరుగెత్తే డాష్, దెబ్బ పడకుండా తప్పుకునే డిస్ఎంగేజ్ లాంటివి.

నడక: మీ స్పీడ్ ఎంతో అంత. ముక్కలు చేసుకోవచ్చు. పదడుగులు నడిచి, కొట్టి, మిగతా ఇరవై అడుగులు నడవచ్చు.

బోనస్ యాక్షన్: ఈ జేబు మామూలుగా ఖాళీ. ఏదో ఒక శక్తి గానీ మంత్రం గానీ "ఇది బోనస్ యాక్షన్" అని చెబితేనే అందులో ఏదైనా ఉన్నట్టు. అలాంటివి మీకు ఐదున్నా టర్న్‌కు వాడుకునేది ఒక్కటే.

రియాక్షన్: ఎవరో ఏదో చేసినప్పుడు దానికి బదులుగా చేసేది, ఒకటే. మీ టర్న్ మొదలైనప్పుడు తిరిగి వస్తుంది. మీ టర్న్‌లోనూ వాడొచ్చు, ఎదుటివాళ్ల టర్న్‌లోనూ వాడొచ్చు.

ఒక జేబులో డబ్బు ఇంకో జేబులోకి మారదు. "నా యాక్షన్ మిగిలింది కదా, దాంతో రెండో బోనస్ యాక్షన్ చేస్తా" అంటే కుదరదు. బోనస్ యాక్షన్ అంటే చిన్న యాక్షన్ కాదు, అది వేరే జేబు.

మా టేబుల్ మీద రియాక్షన్‌కు గుర్తుగా చింతగింజ పెడతాం. వాడితే మధ్యలో ఉన్న గిన్నెలో వేయాలి, టర్న్ మొదలవగానే తీసుకోవాలి. "వాడావా లేదా" అన్న మాట మళ్లీ రాదు. ఆన్‌లైన్‌లో ఆడేవాళ్లు టోకెన్ మీద ఏదో ఒక గుర్తు పెట్టుకోండి.

టర్న్, రౌండ్ అన్న రెండు మాటలనూ కలిపేయకండి. రౌండ్ అంటే అందరి టర్న్‌లూ ఒకసారి పూర్తవడం, ఆట లోపల సుమారు 6 సెకన్లు. రోగ్ దెబ్బకు అదనపు డ్యామేజ్ కలిపే స్నీక్ అటాక్ "టర్న్‌కు ఒకసారి", "రౌండ్‌కు ఒకసారి" కాదు. అంటే తన టర్న్‌లో ఒకసారి, శత్రువు టర్న్‌లో రియాక్షన్‌తో కొట్టే అవకాశం వస్తే ఇంకోసారి వేసుకోవచ్చు. చాలామంది రోగ్‌లు ఏళ్ల తరబడి ఇది తెలియకుండానే ఆడేస్తారు.

3. మీ టర్న్‌లో వరుస

1. రియాక్షన్ గింజ వెనక్కి తీసుకోండి.
2. "టర్న్ మొదట్లో" జరగాల్సినవి చూడండి: విషం, నిప్పు, ముందు టర్న్‌లో వేసిన షీల్డ్ మంత్రం ముగిసిపోవడం.
3. మీ ప్లాన్ ఒక్క వాక్యంలో చెప్పండి. "నడిచి, పొడిచి, డిస్ఎంగేజ్ చేసి, వెనక్కి వస్తా."
4. ఆ వరుసలోనే చేయండి. ప్రతి అడుగు దగ్గర ఎవరైనా రియాక్షన్ అంటారేమో అర క్షణం ఆగండి.
5. "నా టర్న్ అయింది" అని పైకి చెప్పండి.

ఐదోది చిన్నదిగా కనిపిస్తుంది గానీ డీఎంకు అదే ప్రాణం. పెద్ద శత్రువులు వేరేవాళ్ల టర్న్ చివర్లో చేసే లెజెండరీ యాక్షన్లు సరిగ్గా అక్కడే పడతాయి.

మూడో అడుగులో వరుస తప్పితే ఏమవుతుందో రోగ్‌ను చూస్తే తెలుస్తుంది. పొడిచి, వెనక్కి నడిచేసి, "ఆ, కన్నింగ్ యాక్షన్‌తో డిస్ఎంగేజ్ కూడా" అంటే లాభం లేదు. శత్రువు అందుబాటులోంచి బయటికి అడుగు వేసిన క్షణంలోనే దెబ్బ పడిపోయింది. డిస్ఎంగేజ్ నడకకు ముందే ఉండాలి.

4. బోనస్ యాక్షన్: ఎప్పుడైనానా, తర్వాతేనా?

మామూలు రూల్ సులువు: మీ టర్న్‌లో ఎప్పుడు కావాలంటే అప్పుడు వాడుకోవచ్చు. ఆ శక్తే ఒక సమయం చెబితే తప్ప. గడిలో టైమింగ్ ముక్క రాసుకోమన్నది ఇందుకే.

షరతు లేనివి: కన్నింగ్ యాక్షన్, సెకండ్ విండ్, మిస్టీ స్టెప్, హీలింగ్ వర్డ్. యాక్షన్‌కు ముందు, తర్వాత, నడక మధ్యలో ఎక్కడైనా సరే.

షరతు ఉన్నవి: రెండు చేతులా రెండు తేలికైన కత్తులు పట్టి కొట్టడం. మొదటి చేత్తో అటాక్ యాక్షన్ చేస్తేనే రెండో చెయ్యి లేస్తుంది. 2014లో మాంక్ ఫ్లరీ ఆఫ్ బ్లోస్ అయితే అటాక్ యాక్షన్ అయిన వెంటనే పడాలి. 2024లో ఆ షరతు తీసేశారు.

కొనసాగేవి: స్పిరిచువల్ వెపన్ లాంటివి. వేసిన టర్న్‌లో ఒకసారి కొడుతుంది, ఆ తర్వాత ప్రతి టర్న్‌లోనూ దాన్ని జరిపి కొట్టడానికి మీ బోనస్ యాక్షన్ ఖర్చవుతుంది. అది తనంతట తాను కొట్టదు.

2014లో షీల్డ్ మాస్టర్ అనే ఫీట్ (ప్రత్యేక నైపుణ్యం) మీద పడిన తగువు అందరూ ఒకసారైనా చూసే ఉంటారు. "నీ టర్న్‌లో అటాక్ యాక్షన్ తీసుకుంటే, బోనస్ యాక్షన్‌తో శత్రువును నెట్టొచ్చు" అని ఉంటుంది. ముందే నెట్టి పడేసి, పడినవాడిని అడ్వాంటేజ్‌తో కొడితే బాగుంటుందని ఎవరికైనా అనిపిస్తుంది. అధికారిక వివరణ మాత్రం అటాక్ యాక్షన్ ముందు జరగాల్సిందే అంటుంది. "తర్వాత కొడతాలే" అన్న మాట మీద అప్పు ఇవ్వరు. ఈ లెక్క ఒక్క ఫీట్‌కే కాదు, "ఇది చేస్తే అది చేయొచ్చు" అన్న వాక్యం ఎక్కడ కనిపించినా ఇలాగే చదవండి.

ఇంకో సంగతి. స్టన్ అయి, స్పృహ తప్పి, ఇంకెలాగైనా యాక్షన్లు చేయలేని స్థితిలో ఉంటే బోనస్ యాక్షన్ కూడా పోయినట్టే.

5. ఒకే టర్న్‌లో రెండు మంత్రాలు

ఎక్కువ మంది తప్పు చదివేది ఇక్కడే.

2014 రూల్: బోనస్ యాక్షన్‌తో ఏ మంత్రం వేసినా, ఆ టర్న్‌లో ఇంకే మంత్రమూ వేయకూడదు. ఒక యాక్షన్ పట్టే, ఎన్నిసార్లయినా వేయగల చిన్న మంత్రం క్యాంట్రిప్‌కు మాత్రమే మినహాయింపు. ముందు ఏది, వెనక ఏది అన్నదానితో పని లేదు. ముందు గైడింగ్ బోల్ట్ వేసేసి తర్వాత హీలింగ్ వర్డ్ అన్నా తప్పే.

ఇందులో ఒక మెలిక ఉంది. బోనస్ యాక్షన్‌తో వేసింది క్యాంట్రిప్ అయినా ఇదే రూల్. డ్రూయిడ్ షిలేలీ వేసి, అదే టర్న్‌లో క్యూర్ వూండ్స్ వేయడానికి లేదు.

2024 రూల్: ఒక టర్న్‌లో మంత్రాలకు ఒకే ఒక్క స్పెల్ స్లాట్, అంటే లెక్కగా దొరికే మంత్రాల వంతుల్లో ఒక్కటే, ఖర్చు చేయాలి. అంతే. క్యాంట్రిప్‌కు స్లాట్ పట్టదు కాబట్టి పైన చెప్పిన డ్రూయిడ్‌కు ఇబ్బంది లేదు.

ఒక్కో ఉదాహరణ రెండు రూల్స్‌లో ఎలా తేలుతుందో చూడండి:

- హీలింగ్ వర్డ్, తర్వాత సేక్రెడ్ ఫ్లేమ్: రెండింటిలోనూ సరే.
- హీలింగ్ వర్డ్, తర్వాత గైడింగ్ బోల్ట్: రెండింటిలోనూ కాదు.
- యాక్షన్ సర్జ్‌తో రెండు ఫైర్‌బాల్స్: 2014లో సరే, బోనస్ యాక్షన్ మంత్రం లేదు కాబట్టి. 2024లో కాదు.
- సోర్సరర్ క్వికెన్ చేసి, అంటే బోనస్ యాక్షన్‌గా మార్చి, ఫైర్‌బాల్, యాక్షన్‌తో ఫైర్‌బాల్: రెండింటిలోనూ కాదు.
- యాక్షన్‌తో ఫైర్‌బాల్, దాన్ని ఎవరో కౌంటర్ చేస్తే మీ టర్న్‌లోనే తిరిగి కౌంటర్‌స్పెల్: 2014లో సరే. 2024లో ఆ టర్న్‌కు మీ స్లాట్ అయిపోయింది, కాదు.

ఎదుటివాళ్ల టర్న్ వేరే టర్న్. మీ టర్న్‌లో ఎన్ని మంత్రాలు వేసినా, గోబ్లిన్ టర్న్‌లో రియాక్షన్‌తో షీల్డ్ వేయడానికి అడ్డు లేదు.

6. రియాక్షన్: ముందా, మధ్యలోనా, తర్వాతా?

ప్రతి రియాక్షన్‌కూ ఒక ట్రిగ్గర్, అంటే దాన్ని లేపే సంఘటన, ఉంటుంది. అది ఎప్పుడు పడుతుందో ఆ రియాక్షన్ చెబితే అదే లెక్క. ఏమీ చెప్పకపోతే ట్రిగ్గర్ పూర్తయ్యాకే. అందరూ వాడే వాటిని మూడు గుంపులుగా చూస్తే సులువు.

*ముందు పడేవి.* శత్రువు మీ అందుబాటు దాటబోతుంటే కొట్టే ఆపర్చునిటీ అటాక్ ఈ రకం. వాడు గడి దాటడానికి కాస్త ముందే దెబ్బ తగులుతుంది. ఆ దెబ్బకు పడితే మీ పక్క గడిలోనే పడతాడు, అవతల కాదు. చూడగలిగిన శత్రువు మీదే ఇది చెల్లుతుంది. టెలిపోర్ట్ అయితే రాదు. ఎవరో నెడితే గానీ, థండర్‌వేవ్ విసిరేస్తే గానీ రాదు, ఎందుకంటే వాడు తన నడక, యాక్షన్, రియాక్షన్ ఏదీ వాడలేదు. డిసొనెంట్ విస్పర్స్ సంగతి వేరు. అది శత్రువు రియాక్షన్‌నే వాడించి పరుగెత్తిస్తుంది కాబట్టి దారిలో మీవాళ్లకు దెబ్బ దొరుకుతుంది.

*మధ్యలో పడేవి.* షీల్డ్, అన్‌కానీ డాడ్జ్, కౌంటర్‌స్పెల్. షీల్డ్ వేయాల్సింది హిట్ అయిందని తెలిశాక, డ్యామేజ్ పాచికలు పడకముందు. దెబ్బ తగలడానికి పాచిక చేరాల్సిన సంఖ్య ఏసీ. అది 15 ఉన్న విజర్డ్ మీద 18 పడిందనుకోండి. షీల్డ్ 5 కలిపి ఏసీని 20 చేస్తుంది, దెబ్బ తప్పిపోతుంది, మీ తర్వాతి టర్న్ మొదలయ్యేదాకా ఆ ఏసీ ఉంటుంది. పాచిక మీద సహజంగా 20 పడితే మాత్రం ఈ దెబ్బను షీల్డ్ ఆపలేదు. డీఎం మొత్తం సంఖ్య పైకి చెబుతాడా, "తగిలింది" అని ఊరుకుంటాడా అన్నది ముందే మాట్లాడుకోండి. నేనైతే చెప్పేస్తాను. ఉన్న ఒక్క రియాక్షన్‌ను గుడ్డిగా ఖర్చు చేయించడంలో నాకు మజా కనిపించదు.

కౌంటర్‌స్పెల్‌కు ట్రిగ్గర్ 60 అడుగుల లోపల ఎవరైనా మంత్రం వేస్తుండగా చూడడం. కాబట్టి డీఎం "వాడు ఫైర్‌బాల్ వేశాడు, అందరూ సేవ్ చేయండి" అని గుక్కలో చెప్పేస్తే ప్లేయర్‌కు చోటు లేదు. "వాడు చేతులెత్తి మంత్రం మొదలెట్టాడు" అని ఆగాలి. ప్లేయర్లు కౌంటర్‌స్పెల్ అంటే అన్నట్టు, లేకపోతే లేదు. 2014లో మూడో లెవెల్, అంతకన్నా తక్కువ మంత్రం అయితే దానంతట ఆగిపోతుంది, పైదైతే 10కి ఆ మంత్రం లెవెల్ కలిపినంత డీసీతో, అంటే చేరాల్సిన సంఖ్యతో, చెక్ వేయాలి. 2024లో మంత్రం వేస్తున్నవాడే కాన్‌స్టిట్యూషన్ సేవ్, అంటే తట్టుకునే పాచిక, వేస్తాడు, ఓడిపోతే మంత్రం పోతుంది గానీ స్లాట్ మిగులుతుంది.

*తర్వాత పడేవి.* హెల్లిష్ రెబ్యూక్. డ్యామేజ్ తగిలాకే తిరిగి మంట విసురుతారు. ఆ డ్యామేజ్‌తో సున్నాకు పడిపోతే స్పృహ ఉండదు, మంట లేదు. "పడిపోతూ విసురుతా" అనే వార్‌లాక్‌లు ప్రతి టేబుల్ మీదా ఉంటారు. వినడానికి బాగుంటుంది, కుదరదు.

ఒకే క్షణంలో ఇద్దరు రియాక్షన్ అంటే? ఒకేసారి జరిగేవాటి వరుసను, ఎవరి టర్న్ నడుస్తోందో ఆ వ్యక్తి నిర్ణయిస్తారు. రాక్షసుడి టర్న్ అయితే డీఎం.

రియాక్షన్ ముగియగానే ఆగిపోయిన టర్న్ ఆగిన చోటు నుంచే సాగుతుంది.

7. రెడీ: ఎదురుచూసి కొట్టడం

ఐదో ఎడిషన్‌లో టర్న్‌ను వెనక్కి జరుపుకోవడం లేదు. దాని బదులు రెడీ ఉంది. వాడే వరుస:

1. మీ యాక్షన్ ఖర్చు చేసి రెడీ అనండి.
2. కంటికో చెవికో తెలిసే ట్రిగ్గర్ చెప్పండి. "ఆ తలుపులోంచి ఎవరైనా బయటికొస్తే" సరే. "వాడు మోసం చేయాలనుకుంటే" కాదు.
3. అప్పుడు చేసేది చెప్పండి: ఒక యాక్షన్, లేదా మీ స్పీడ్ మేరకు నడక. రెండూ కాదు.
4. ట్రిగ్గర్ జరిగి పూర్తయ్యాక రియాక్షన్‌తో చేస్తారు. ఇష్టం లేకపోతే వదిలేయొచ్చు.
5. మీ తర్వాతి టర్న్ మొదలయ్యేలోపు ట్రిగ్గర్ రాకపోతే యాక్షన్ పోయినట్టే.

ఖర్చు రెండు జేబుల నుంచి పోతుందని గమనించండి. మధ్యలో ఆపర్చునిటీ అటాక్ కొట్టేస్తే రెడీ చేసుకున్నది చేయడానికి రియాక్షన్ ఉండదు.

ఒకే అటాక్ యాక్షన్‌లో రెండు దెబ్బలిచ్చే ఎక్స్‌ట్రా అటాక్‌కు "నీ టర్న్‌లో" అని రాసి ఉంటుంది. అందుకే రెడీ చేసి ఎదుటివాడి టర్న్‌లో కొడితే ఒక్క దెబ్బే. ఐదో లెవెల్ దాటిన ఫైటర్ ఊరికే రెడీ అంటే నష్టపోయినట్టే.

మంత్రాన్ని రెడీ చేస్తే అది అప్పుడే వేసినట్టు లెక్క, స్లాట్ అప్పుడే పోతుంది. వదిలేదాకా కాన్‌సెంట్రేషన్ పట్టి ఉంచాలి, ఆ ధ్యాస ఒకసారికి ఒక్క మంత్రం మీదే నిలుస్తుంది. అంటే అప్పటికే నడుస్తున్న మీ బ్లెస్ ఆగిపోతుంది. ఒక యాక్షన్ పట్టే మంత్రమే రెడీకి పనికొస్తుంది, మిస్టీ స్టెప్ లాంటి బోనస్ యాక్షన్ మంత్రం కుదరదు.

"వాడు మంత్రం వేయబోతే ముందే బాణం వేస్తా" అని అడుగుతారు. ట్రిగ్గర్ పూర్తయ్యాకే రెడీ పడుతుంది కాబట్టి మా టేబుల్ మీద మంత్రం పడ్డాకే బాణం. మంత్రాన్ని మధ్యలో ఆపాలంటే కౌంటర్‌స్పెల్ అని ఒకటి ఊరికే పెట్టలేదు.

8. నిజంగా అదనంగా వచ్చే యాక్షన్లు

ఇప్పటిదాకా చెప్పినవి వేరే జేబులు. యాక్షన్ జేబులోనే రెండో నోటు పెట్టేవి చాలా తక్కువ, అందరూ ఎదుర్కొనేవి రెండు.

యాక్షన్ సర్జ్: ఫైటర్‌కు రెండో లెవెల్ నుంచి. రెస్ట్ మధ్య ఒకసారి, 17వ లెవెల్ నుంచి రెండుసార్లు, కానీ ఒకే టర్న్‌లో రెండూ కాదు. పూర్తి యాక్షన్ వస్తుంది కాబట్టి ఎక్స్‌ట్రా అటాక్ దానికీ వర్తిస్తుంది. ఐదో లెవెల్లో రెండు, మళ్లీ రెండు, మొత్తం నాలుగు దెబ్బలు. బోనస్ యాక్షన్ మాత్రం రెండోది రాదు.

హేస్ట్ మంత్రం: అదనపు యాక్షన్ ఇస్తుంది కానీ కాళ్లకు తాడు కట్టి ఇస్తుంది. అటాక్ అయితే ఒక్క దెబ్బే. డాష్, డిస్ఎంగేజ్, హైడ్, వస్తువు వాడడం, అంతే. మంత్రం లేదు. వేసినవాడి కాన్‌సెంట్రేషన్ తెగితే తీసుకున్నవాడు ఒక టర్న్ పాటు కదలకుండా నిలబడిపోతాడు. అందుకే హేస్ట్ వేశాక విజర్డ్ ముందు వరుసలో తిరగకూడదు.

రోగ్‌కు హేస్ట్ దొరికితే ఒక చక్కటి దారి ఉంది. హేస్ట్ ఇచ్చిన యాక్షన్‌తో ముందు ఒక దెబ్బ, స్నీక్ అటాక్‌తో. అసలు యాక్షన్‌తో "మావాడి పక్కనున్న ఓగర్ కదిలితే పొడుస్తా" అని రెడీ. ఓగర్ టర్న్‌లో ఆ దెబ్బ పడితే అది వేరే టర్న్ కాబట్టి, స్నీక్ అటాక్ షరతు కూడా ఉంటే, రెండోసారి వేసుకోవచ్చు.

9. డీఎం వైపు నుంచి

పెద్ద డ్రాగన్ లాంటి శత్రువులకు లెజెండరీ యాక్షన్లుంటాయి, మామూలుగా రౌండ్‌కు మూడు. రూల్: వేరే ప్రాణి టర్న్ చివర్లో మాత్రమే, ఒకసారికి ఒకటే. తన టర్న్ మొదలైనప్పుడు మూడూ తిరిగి వస్తాయి. 2014 అడల్ట్ రెడ్ డ్రాగన్ తోకదెబ్బకు ఒకటి, రెక్కల దెబ్బకు రెండు ఖర్చవుతాయి.

ప్లేయర్లు ఇద్దరే ఉండి, శత్రువు డ్రాగన్ ఒక్కటే అయితే ఒక్కటే ఖర్చయ్యేవి వాడుతుంటే మూడోది వాడడానికి టర్న్ చివరే దొరకదు. దాన్ని ఇంకోదానితో కలిపి వాడేయకండి, పోతే పోయింది.

మర్చిపోవడం నాకున్న రోగం. ఒకసారి డ్రాగన్ చచ్చేదాకా ఒక్క లెజెండరీ యాక్షన్ కూడా వాడలేదు. "ఇంతేనా డ్రాగన్?" అన్నారు పిల్లలు. అప్పటి నుంచి నా ముందూ మూడు చింతగింజలు ఉంటాయి.

శత్రువు గుహలో జరిగే లెయిర్ యాక్షన్లు 2014లో ఇనిషియేటివ్ 20 దగ్గర పడతాయి. ఎవరికైనా 20 వస్తే వాళ్లే ముందు.

10. ఒక రౌండ్ దగ్గరగా చూద్దాం

2014 రూల్స్, అందరూ ఐదో లెవెల్. రోగ్ చిట్టి, ఫైటర్ వీరభద్రుడు, క్లెరిక్ గంగమ్మ, విజర్డ్ శాస్త్రి. అవతల ఒక ఓగర్, ఒక మాంత్రికుడు. వీరభద్రుడు ఇప్పటికే ఓగర్ పక్కన ఉన్నాడు. ఓగర్‌కు 59 హిట్ పాయింట్లు, అంటే ప్రాణం. పేరు పక్కనున్న సంఖ్య ఇనిషియేటివ్.

*చిట్టి, 21.* నడిచి వచ్చి పొడిచింది, స్నీక్ అటాక్‌తో 18. ఓగర్ 41. బోనస్ యాక్షన్‌తో డిస్ఎంగేజ్, తర్వాత వెనక్కి. ఓగర్‌కు దెబ్బ దొరకలేదు.

*మాంత్రికుడు, 17.* "చేతులెత్తాడు" అని డీఎం ఆగాడు. శాస్త్రి కౌంటర్‌స్పెల్ అన్నాడు, గింజ గిన్నెలో పడింది. మాంత్రికుడు తన యాక్షన్‌తో మంత్రం వేస్తున్నాడు కాబట్టి తన టర్న్‌లోనే రియాక్షన్‌తో శాస్త్రి కౌంటర్‌స్పెల్‌ను కౌంటర్ చేశాడు. ఫైర్‌బాల్ పడింది, 28. శాస్త్రి సేవ్ తప్పి 32 నుంచి 4కు దిగాడు. గంగమ్మ సేవ్ అయి 14 తీసుకుంది.

అందరూ అయ్యో అన్నారు గానీ చిట్టి ఆడుతున్న అమ్మాయి గిన్నెలోకి చూసి, "వాడి గింజ కూడా అయిపోయిందిగా" అంది. అదీ సంగతి. మాంత్రికుడి తర్వాతి టర్న్ వచ్చేదాకా వాడు ఎవరినీ కౌంటర్ చేయలేడు.

*వీరభద్రుడు, 14.* అటాక్ యాక్షన్: 11, ఒకటి తప్పింది. యాక్షన్ సర్జ్: 12, 9. ఓగర్‌కు 9 మిగిలాయి. బోనస్ యాక్షన్ సెకండ్ విండ్ వాడలేదు, దెబ్బే తగల్లేదు కాబట్టి.

*ఓగర్, 9.* గంగమ్మ వైపు అడుగేసింది. వీరభద్రుడి అందుబాటు దాటబోతోంది. యాక్షన్ సర్జ్ వాడినా రియాక్షన్ వేరే జేబు, అలాగే ఉంది. 10 తగిలింది. ఓగర్ ఉన్న గడిలోనే కూలింది. డీఎం బొమ్మను అప్పటికే నాలుగు గడులు జరిపేశాడు, నవ్వుకుంటూ వెనక్కి పెట్టాడు.

*గంగమ్మ, 8.* శాస్త్రి మీద హీలింగ్ వర్డ్, 7. శాస్త్రి 11. గైడింగ్ బోల్ట్ కుదరదు, సేక్రెడ్ ఫ్లేమ్ వేసింది.

*శాస్త్రి, 6.* గింజ తిరిగి వచ్చింది. ఫైర్‌బాల్. ఆపేవాడు లేడు.

11. తరచూ జరిగే తప్పులు, సరిచేసుకునే దారి

మర్చిపోయిన రియాక్షన్ కోసం వెనక్కి వెళ్లమనడం. మాకు ఒక గీత ఉంది: తర్వాతి పాచిక పడకముందు అయితే సరే, పడ్డాక లేదు. ఎవరికైనా ఒకటే.

రోగ్ రెండో కత్తితో కొట్టి, డిస్ఎంగేజ్ కూడా చేయడం. 2014లో రెండూ బోనస్ యాక్షన్లే, ఒకటి ఎంచుకోవాలి. 2024లో నిక్ మాస్టరీ ఉన్న ఆయుధమైతే రెండో దెబ్బ అటాక్ యాక్షన్‌లోనే కలుస్తుంది, అప్పుడు బోనస్ మిగులుతుంది.

తన మొదటి టర్న్ రాకముందు రియాక్షన్ లేదనుకోవడం. ఉంది. 2014లో సర్‌ప్రైజ్ అయినవాళ్లకు మాత్రం మొదటి టర్న్ ముగిసేదాకా ఉండదు.

శత్రువు చుట్టూ తిరిగినా ఆపర్చునిటీ అటాక్ అనడం. అందుబాటులోనే తిరుగుతున్నంతసేపు ఏమీ లేదు, దాటితేనే.

గోబ్లిన్లను తేలిగ్గా ఆడించడం. వాటికి ప్రతి టర్న్‌లో బోనస్ యాక్షన్‌తో డిస్ఎంగేజ్ గానీ హైడ్ గానీ ఉంది. కొట్టి పారిపోవాల్సినవి నిలబడి తన్నులు తింటుంటే తప్పు డీఎందే.

12. తగువు వచ్చినప్పుడు అడగాల్సినవి

- ఇప్పుడు ఎవరి టర్న్?
- ఈ పని ఏ జేబులోంచి? ఆ జేబులో ఇంకా ఉందా?
- ట్రిగ్గర్ ఏ మాట? అది జరిగిందా, జరగబోతోందా?
- ముందు, మధ్య, తర్వాత: ఏ గుంపు?
- "నీ టర్న్‌లో", "తర్వాత", "వెంటనే" అన్న మాటలు ఆ వాక్యంలో ఉన్నాయా?

ఆ శక్తి ఉన్న ప్లేయరే షీట్ తిప్పి వాక్యం పైకి చదవాలి, గుర్తున్నది చెప్పకూడదు. రెండు నిమిషాల్లో తేలకపోతే డీఎం ఒక మాట చెబుతాడు, ఆ రోజుకు అదే రూల్. ఆ ప్రశ్నను కాగితం మీద రాసి పక్కన పెట్టండి. ఆట అయ్యాక, చాయ్ తాగేటప్పుడు పుస్తకం తీసి చూసి, వచ్చే వారం నుంచి ఎలా ఆడతారో దాని కిందే రాసుకోండి.